ఎండకు నిలిచిన బంక

చదివేవాళ్లకు ముందే ఒక మాట చెప్పుకుంటాను. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటాయి. ఎక్కడ ల రాయాలో ఎక్కడ ళ రాయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. తల నెరిసిన తరువాత, చర్చి వరండాలో చిన్నపిల్లల పలకలు అడిగి తీసుకుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఊళ్లో మొదలుపెట్టాను, ఇక్కడ కదిరికి వచ్చాక మిగతావి నేర్చుకున్నాను. పొద్దున కొంచెం రాస్తాను, చెయ్యి నొప్పి పుడితే ఆపేస్తాను. ఎక్కడైనా కుంటినట్లు ఉంటే అది నా చేతి కుంటు అనుకుని సర్దుకోండి.

ఇక్కడి పాస్టరమ్మ మా ఆడవాళ్లందరినీ, మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి రాసుకుని రండి అంది. అందరూ ప్రభువు చేసిన మేలు రాసుకొచ్చారు. జబ్బు నయమైందని ఒకరు, బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు. నా దగ్గర అలాంటిది ఉంటే నేనూ అదే రాసేదాన్ని. నేను రాసేది ఒక దీపం సంగతి.

మా ఊరు ముదిగుబ్బ దాటి లోపలికి పోవాలి. ఈస్టరుకు ముందు శనివారం మా కాలనీవాళ్లం సమాధులకు సున్నం కొట్టి, పూలు పరిచి, పొద్దు గూకే వేళకు కొవ్వొత్తులు వెలిగిస్తాం. మరుసటి తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ మళ్లీ అక్కడికే పోతాం. అప్పటికి ఏ సమాధి మీదైనా వెలుగు మిగిలి ఉంటే ఆ ఇంటివాళ్లకు అదొక తృప్తి. కానీ మిగలదు. సమాధుల దిన్నె ఎత్తు మీద ఉంది. దాని ఎదురు కొండ మీద కంపెనీవాళ్లు వరసగా గాలిమరలు పాతింది ఊరికే కాదు. ఇటు వెలిగించి అటు తిరిగేలోపలే కొవ్వొత్తి ఆరిపోతుంది.

అది మా ఆయన పోయాక వచ్చిన మొదటి ఈస్టరు. ఆయన పేరు ఏసన్న. బతికి ఉండగా ఆ పేరు నోటితో ఎప్పుడూ పలకలేదు. కాగితం మీదైతే రాయగలుగుతున్నాను.

ఏసన్న వడదెబ్బకు పోయాడు. గొర్రెల వెంబడి పోయినవాడు మిట్టమధ్యాహ్నం కంపచెట్ల దగ్గర కూలబడ్డాడు. పక్కనున్నది మా చిన్నకొడుకు జయచంద్ర. వాడే మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. సాయంత్రం ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైందన్నారు. పెద్దవాడు శశికుమార్ కదిరిలో కిటికీలు, అద్దాలు బిగించే అంగడిలో పని చేస్తాడు. వాడు పరుగెత్తుకొచ్చి ఆసుపత్రి వరండాలోనే తమ్ముడిని నిలదీశాడు. "మద్దేన్నమే ఎందుకు తీసకరాలేదురా?" ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటలు లేవు.

ఆ ఈస్టరుకు నాకు కావలసింది ఒక్కటే. నా కొడుకులు ఇద్దరూ వాళ్ల నాయన సమాధి దగ్గర ఒకే దీపం వెలిగించాలి. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు చెరో కొవ్వొత్తి పెట్టి పోతే నేను చూడలేను.

గొర్రెల దొడ్డికి ఏసన్న చేసిన వేపచెక్క తలుపు విరిగి మూలన పడి ఉంది. దాన్ని కోసి నాలుగు కాళ్లు, ఒక అడుగు పలక చేయాలి. చుట్టూ నాలుగు అద్దాలు. పైన చిల్లులు పొడిచిన రేకు మూత. లోపల లావుపాటి కొవ్వొత్తి. ఎంత గాలి వచ్చినా ఆరకూడదు. చెక్క పని జయచంద్రకు చెప్పాను, వాడు ఊళ్లోనే గొర్రెలు చూసుకుంటూ బోరు మోటార్లు రిపేరీ చేస్తాడు. అద్దాలు శశిని తెమ్మన్నాను. వేడికి ఊడని బంక మాత్రం ఇద్దరినీ అడిగాను. ఎవరిని అడగకపోయినా వాడు తప్పుకుంటాడని నా భయం.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చారు. శశి చేతిలో పొడుగాటి గొట్టం, దాన్ని పిండే ఇనుప తుపాకీ. జయచంద్ర చేతిలో రెండు చిన్న ట్యూబులు.

"వానికి చెప్పు మా," అన్నాడు శశి, వాడు బారెడు దూరంలో నిలబడి ఉండగానే. "మా అంగట్లో అద్దాలన్నీ దీంతోనే అంటిస్తాము. సిలికాను. వేడికి ఏమీ కాదు."

శశి తెచ్చిన అద్దం ముక్క అంచున ఆరిపోయిన సిలికాను కొంచెం ఉంది. జయచంద్ర దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"అమా, ఆయప్పకు చెప్పు. పలక తుడిచే రబ్బరు మాదిరి ఉండాది ఇది. నొక్కితే లోపలికి పోతాది. ఇది బంకనా, జున్నా?"

"మరి వాని బంక ఏందో అడుగు."

"రెండు ట్యూబులు సమంగా కలపాల. ఆరితే రాయి. బోరులో దించే మోటారుకు ఏసినాను. ఇంతవరకు ఊడలేదు."

"నీళ్లల్లో ఉండేదానికి నిప్పు సంగతి ఏం తెలుస్తాది?"

"ఆయప్ప అడిగింది ఇన్నానని చెప్పు మా."

"నేనేమన్నా ఫోనునా, మీ మాటలు మోసేకి?" అన్నాను.

పక్కింటి కదిరప్ప గోడ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. ఏసన్నతో కలిసి గొర్రెలు కాసినవాడు, నన్ను వదినా అంటాడు. "ఫోనుకైతే చార్జింగు పెట్టాల వదినా. నీకు అదీ అక్కరలేదు," అని నవ్వాడు.

నేను కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న రోజులు అవి. గోడ మీద, బస్సు మీద, సబ్బు కాగితం మీద ఏది కనిపించినా చదివేదాన్ని. ఆ గొట్టం తీసుకుని తిప్పి తిప్పి చూశాను. ట్యూబులు తీసుకుని చూశాను. అన్నీ ఇంగ్లీషే. ఇంత వయసు వచ్చాక అక్షరాలు నేర్చుకుంటే, నాకు కావలసిన మాట వేరే అక్షరాల్లో ఉంది.

"చదివేదేముంది వదినా," అన్నాడు కదిరప్ప. "రెండిట్నీ తీసకపోయి రేకుల మీద పెట్టండి. మన ఎండకు ఏది నిలుస్తాదో అదే బంక."

ఆ మాట అందరికీ నచ్చింది.

మా ఇంటికి రేకుల కప్పు. ఎండాకాలం దాని మీద మిరపకాయలు పోస్తే ఒక్క పూటలో గలగలలాడతాయి. చెయ్యి ఆనితే బొబ్బ లేస్తుంది. ఎవరి బంకతో వాళ్లు ఒక చెక్కకు ఒక అద్దం ముక్క అంటించి, ఆరనిచ్చారు. మంగళవారం అద్దానికి తీగ చుట్టి, తీగకు రాయి కట్టి, రేకుల అంచున వేలాడదీశారు. శశి ఆ రోజు పనికి సెలవు పెట్టి వచ్చాడు. మధ్యాహ్నమంతా నీడలో కూర్చుని ఆ రాళ్లవైపే చూశాం. గొర్రెలు కూడా నోరు తెరిచి రొప్పుతున్న ఎండ. పొద్దు వాలాక కదిరప్ప నిచ్చెన ఎక్కాడు.

"ఏమప్పా, ఊడినాయా?" అని కింద నుంచి అడిగాను.

"రెండూ నిలిచినాయి వదినా. నిలవంది నా కాళ్లే," అని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గెంతుతూ దిగాడు.

శశి రెండు చెక్కలూ చేతిలోకి తీసుకుని చూశాడు. "ఎండ వేరు, మంట వేరు మా," అన్నాడు. "ఎండకు అంతా ఒకే మాదిరి కాలుతాది. మంట ఒకచోటే కాలుస్తాది. కొవ్వొత్తి పెట్టి చూడాల."

జయచంద్ర నా వైపు తిరిగి, "అనంతపురం ఎండకు నిలిచినది దేనికైనా నిలుస్తాదని చెప్పు మా," అన్నాడు.

కదిరప్ప నవ్వాడు. నేనూ నవ్వాను. మా దగ్గర ఎవరిని కదిలించినా ఆ మాటే అంటారు. వాన గురించి మేము గొప్ప చెప్పుకోలేం. చెరువు గురించి, పంట గురించి చెప్పుకోలేం. మాకు దండిగా ఉన్నది ఎండ ఒక్కటే. దానికి నిలిచాం అన్నదే మా గొప్ప.

శశి నవ్వలేదు. "సరే," అని తన గొట్టానికి మూత బిగించాడు.

ఇక ఎవరి బంక వాడాలి? ఇద్దరూ నా ముఖం చూశారు. ఆ చూపు నాకు తెలుసు. సంగటి ముద్దలు పెట్టేటప్పుడు చిన్నప్పుడు అలాగే చూసేవాళ్లు, ఎవరి ముద్ద పెద్దదా అని. ఒకరి బంక తీసుకుంటే ఇంకొకరిని వాకిట్లోనే ఆపినట్లు.

"నాలుగు అద్దాలుండాయి. ఈ మూలకు అటూ ఇటూ ఉండే రెండు శశివి. ఆ మూలకు అటూ ఇటూ ఉండే రెండు జయావి. ఎవరి అద్దాలు వాళ్లు అంటించండి," అన్నాను.

శశి నా వైపు చూసి, "దీపానికి గూడ పాలు పంచినావా మా?" అన్నాడు.

జయచంద్రకు నవ్వు ఆగలేదు. వాడు నవ్వితే శశికీ నవ్వు వచ్చింది. దాచుకోవాలని ముఖం పక్కకు తిప్పుకున్నాడు కానీ భుజాలు కదలడం నాకు కనిపించింది.

జయచంద్ర బిగించిన చెక్క చట్రం ముందు పెట్టుకుని వరండాలో కూర్చుని పనిలో పడ్డారు. నేను సంగటి కెలికే వంకతో లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాను. కాసేపటికి జయచంద్ర గొంతు వినిపించింది.

"కొంచెం పైకి న్నా."

"ఇంతనా?"

"ఇంకొంచెం. ఆ. పట్టుకో."

"నువ్వు పట్టుకోరా, జారుతాది. నాయన కోసిన చెక్క గదా, ఒక పక్క వంకరే."

"ఆయప్ప చేసిన మంచమూ వంకరే. పండుకుంటే ఒక పక్కకు దొర్లిపోతాము."

నేను కట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద సంగటి అడుగంటింది. ఆ మాడు సంగటే చెనిక్కాయల ఊరుబిండి పచ్చడితో ఇద్దరూ ఒకే చోట కూర్చుని తిన్నారు. మాడిందని ఒక్కడూ అనలేదు. గోడ మీద నుంచి కదిరప్ప చూసి, నాకు కన్నుగీటి పోయాడు.

శనివారం పొద్దు వాలే వేళకు దిన్నె మీదికి పోయాం. దీపాన్ని శశి ఒక పక్క, జయచంద్ర ఒక పక్క పట్టుకుని మోశారు. తేలికైన వస్తువే, ఒకరు చాలు. ఇద్దరూ పట్టుకున్నారు.

గాలి ఎప్పటిలాగే పడమటి నుంచి కొడుతోంది. చుట్టూ ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టి వెలిగిస్తున్నారు, ఆరిపోతున్నాయి, మళ్లీ వెలిగిస్తున్నారు. శశి అగ్గిపుల్ల గీశాడు. జయచంద్ర రెండు చేతులూ దోసిలిగా పట్టి గాలి ఆపాడు. వెలిగిన కొవ్వొత్తి మీద రేకు మూత పెట్టారు. దీపం నిలిచింది. కొంచెం కూడా అల్లాడలేదు.

జనం మా సమాధి చుట్టూ చేరారు. ఏసన్న వదిన పెద్దక్క నా చెయ్యి పట్టుకుని, "మా ఏసన్న మారాజు రెబెకమ్మా. ఇద్దరు కొడుకులు ఒక చోట నిలబడినారు," అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పాస్టరయ్య మా దగ్గరికి వచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాకు చూడాలని ఉంది.

అందుకే నాకు మొదట కనిపించింది. లోపలి వేడికి రేకు మూత కింద చెక్క పొగచూరింది. జయచంద్ర అంటించిన వైపు సన్నగా టిక్కుమంది. రాయి లాంటి ఆ బంక మీద వెంట్రుక మందం గీత పడింది. అద్దం మెల్లగా కిందికి జారి, సమాధి బండ మీద పడి పగిలింది. వెనకనే రెండోది కూడా జారింది. అది ఇసుకలో పడింది కాబట్టి పగల్లేదు. గాలి లోపలికి దూరి కొవ్వొత్తి ఆరిపోయింది.

శశి అంటించిన రెండూ అలాగే ఉన్నాయి. రబ్బరు లాంటిది కాబట్టి అద్దం వేడికి సాగితే అదీ సాగింది. గట్టిగా పట్టుకున్నది విరిగిపోయింది. ఇది తరువాత శశి చెప్పగా తెలుసుకున్నాను. అప్పుడు నాకేమీ తెలియదు. అద్దం పగిలిన చప్పుడుకు అందరూ కళ్లు తెరిచారు. పాస్టరయ్య మాత్రం కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.

శశి గొంతు పెంచలేదు. నా ద్వారా చెప్పించలేదు. తమ్ముడి ముఖంలోకి చూసి నేరుగా అన్నాడు.

"అనంతపురం ఎండకు నిలిచినది దేనికైనా నిలుస్తాది. అంతేనా? ఆ పొద్దు నాయన గురించి గూడ ఇట్లనే అనుకుంటివి గదరా."

పెద్దక్క నా చెయ్యి వదిలేసింది.

ఆ పొద్దు ఏం జరిగిందో నాకు తెలుసు. జయచంద్ర ఆటో పిలిపించి వాకిట్లో నిలబెట్టాడు. మంచం మీద పడుకున్న ఏసన్నే, "ఎండ నాకేమన్నా కొత్తనారా? కొంచేపు పండుకుంటే లేస్తా. ఆటోను పంపిచ్చు," అన్నాడు. కొడుకు రెండోసారి అడిగితే కసురుకున్నాడు. నేను పక్కనే ఉండి విన్నాను. ఇదంతా శశికి ఎప్పుడో చెప్పాను. వాడు నమ్మలేదు. "వాన్ని కాపాడేకి చెప్తాండావు మా," అన్నాడు. ఇప్పుడు ఇంతమంది ఎదుట చెబితే నమ్ముతాడేమో అని నోరు తెరిచాను.

జయచంద్ర నా వైపు చూశాడు.

"ఒద్దు మా. ఈడ నిలబడి నాయన మీద తప్పు ఎయ్యద్దు."

అంతే. మోకాళ్ల మీద కూర్చుని, ఫోను లైటు వేసుకుని, పగిలిన అద్దం పెంకులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. తెల్లవారి అందరూ చెప్పులు లేకుండా వస్తారు. సమాధి మీద ఏరాడు, చుట్టూ ఇసుకలో వేళ్లతో దువ్వి ఏరాడు. జనం మెల్లగా వాళ్లవాళ్ల సమాధుల దగ్గరికి పోయారు. ఎవరూ వంగి ఒక పెంకు ఏరలేదు. శశి చేతులు కట్టుకుని కొండ మీది గాలిమరల వైపు చూస్తూ నిలబడ్డాడు. జయచంద్ర పెంకులన్నీ తువ్వాలులో మూట కట్టాడు. పగలని అద్దం తుడిచి నా చేతిలో పెట్టి దిన్నె దిగి పోయాడు. ఒక వేలి నుంచి రక్తం కారుతోంది. నేను చూశాను, వాడు చూసుకోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో శశిని అడిగాను. "ఊడుతాదని నీకు తెలుసు గదరా. ఎందుకు ఊరుకున్నావు?"

"చెప్పినా గదా మా. మీరు నవ్వినారు."

మిగతా దారంతా వాడు ముందు, నేను వెనక నడిచాం.

తెల్లవారి జయచంద్ర దిన్నెకు రాలేదు. వానలు పడకముందే గొర్రెలను కదిరప్పకు అప్పజెప్పి మడకశిరకు పోయాడు. అక్కడ మోటార్ల అంగట్లో పని దొరికిందట. ఫోను చేస్తాడు. తిన్నావా మా అంటాడు, మోకాళ్ల నొప్పి ఎట్లుండాది అంటాడు. మాటల మధ్య కన్నడం దొర్లుతోంది. అన్న మాట ఎత్తితే "గొర్రెలు ఎట్లుండాయంట?" అని అడుగుతాడు. ఒంటరిగా ఉండొద్దని శశి నన్ను కదిరికి తెచ్చుకున్నాడు. బాగా చూసుకుంటాడు. ఫ్యాను నా మంచం వైపే తిప్పుతాడు. ఊళ్లో ఇంటికి తాళం పడింది.

దీపాన్ని నాతోనే తెచ్చుకున్నాను. బీరువా మీద ఉంది. ఒకరోజు శశి దాన్ని కిందికి దించి, దుమ్ము తుడిచి, "ఈ రెండు పక్కలా అద్దాలు అంటిస్తా మా. అర్ధగంట పని. మళ్ల ఎప్పటికీ ఊడదు," అన్నాడు.

"ఒద్దులే నాయనా. ఆ పక్కలు నీవి కావు," అన్నాను.

వాడు దాన్ని మళ్లీ బీరువా మీద పెట్టేశాడు. ఆ రోజు అన్నం సగంలో లేచాడు.

ఈసారి ఈస్టరుకు నేను ఒక్కదాన్నే బస్సెక్కి ఊరికి పోయాను. దీపాన్ని చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. శశికి అంగట్లో పని తెమల్లేదు. జయచంద్రకు అక్కడి యజమాని సెలవు ఇవ్వలేదట. దిన్నె మీద సున్నం నేనే కొట్టాను. శశి అంటించిన మూలను పడమటికి, గాలికి ఎదురుగా తిప్పి పెట్టాను. ఊడిపోయిన రెండు వైపులూ తూర్పుకు వచ్చాయి. కొవ్వొత్తి వెలిగించి, కదిరప్ప ఇంట్లో పడుకున్నాను.

తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ పోయేసరికి దిన్నె అంతా చీకటి. మా సమాధి మీద మాత్రం వెలుగు ఉంది. "చూడు రెబెకమ్మా, నిలిచింది," అని పెద్దక్క సంబరపడింది. అందరూ స్తోత్రం అన్నారు.

నాకు తృప్తి కలగలేదు. రెండు అద్దాలతోనే అది తెల్లవార్లూ వెలిగింది. ఆ దీపానికి మిగతా రెండు వైపులతో పనే లేదు. పని ఉన్నది నాకు.

పగలని ఆ అద్దం ఇప్పుడు నా పెట్టెలో, చీరల మధ్య ఉంది.

ఏసన్న భార్య రెబెకాను. వయసు అరవై రెండు. కదిరిలో నా పెద్దకొడుకు ఇంట్లో ఉంటున్నాను.